దేవుణ్ణి దింపిన బండి

కారు బాగు చేయించుకోవాలా, మార్చేయాలా అన్న తగువు గంగబాబు ఇంట్లో శ్రావణంలో మొదలై కార్తీకం వచ్చినా తెమల్లేదు. కూతురి పెళ్లి సంబంధానికి కూడా ఆ ఇంట్లో అంత చర్చ జరగలేదు. కువైట్‌లో ఉన్న అల్లుడు దుర్గాశ్రీనివాస్ ఫోన్ చేసినప్పుడల్లా ముందు భార్య ఎలా ఉందని అడిగేవాడు, ఆ వెంటనే కారు ఎలా ఉందని అడిగేవాడు.

రెండింటికీ సంబంధం ఉంది. కూతురు జ్యోతిర్మయి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆ ఊరికి ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు ఇంకా లోపలికి వెళ్లాలి. చుట్టూ రొయ్యల చెరువులు, వాటి మధ్య కొబ్బరితోటలు. డాక్టరమ్మ ఉండేదేమో అమలాపురంలో. కిందటిసారి జ్యోతికి కడుపు నిలవలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదని అప్పట్లో ఆసుపత్రిలో ఎవరో అన్న మాట గంగబాబు ఇంకా మరిచిపోలేదు. ఈసారి నొప్పులు మొదలవగానే కారు కదలాలి, దారిలో ఆగకూడదు. అతనికి కావలసింది అదొక్కటే. తీరా చూస్తే అతని కారుకి చేతకానిది కూడా అదొక్కటే.

రొయ్యలు బాగా కలిసొచ్చిన ఏడాది కొన్న తెల్ల కారు అది. ఇప్పుడు దాని తెలుపు పాత పంచె రంగుకి వచ్చింది. వయసు మీద పడ్డ బండికి రోగాలు సహజమే. కానీ ఈ రోగాల వరస వేరు. ఎడమ పక్క వెనక చక్రం మీదికి బండి కుంగిపోయేది. లోపల ఎవరూ లేకపోయినా ఎవరో కూర్చున్నట్టే ఒరిగి ఉండేది. అమలాపురం బైపాసులో షెడ్డు పెట్టుకున్న బంగారయ్య స్ప్రింగులు మార్చాడు, షాకబ్జార్లు మార్చాడు. కొత్తవి వేసి జాకీ దింపగానే బండి మళ్ళీ మెల్లగా, తీరిగ్గా, ఎడమకి కుంగింది.

“బండిలో మార్చాల్సినవన్నీ మార్చేసేనండి. ఇంక మార్చాల్సింది బండినే,” అన్నాడు బంగారయ్య చేతులు తుడుచుకుంటూ.

దానికి తోడు ఊరి పొలిమేరలో మురుగు డ్రైను మీద వంతెన ఉంది. కారు ఎటు నుంచి ఎటు వెళ్లినా సరిగ్గా ఆ వంతెన మీద ఆగిపోయేది. కాసేపు ఆగి, తనకి తోచినప్పుడు కదిలేది. వెనక సీట్లోంచి ఒక వాసన కూడా వచ్చేది. చెరువు ఎండగట్టినప్పుడు అడుగున నల్లటి బురద తేలుతుంది చూడండి, ఆ వాసన. మ్యాట్లు తీసి ఎండబెట్టారు, సాంబ్రాణి వేశారు, కర్పూరం ఉండలు పెట్టారు. వాసన పోలేదు సరికదా, కర్పూరం వాసనే దాన్లో కలిసిపోయింది.

ఇవన్నీ ఎప్పుడు మొదలయ్యాయో గంగబాబుకి బాగా తెలుసు. తెలిసినా ఒప్పుకునేవాడు కాదు, అంతే.

గంగబాబుకి ఒక గుణం ఉంది. దారిలో మనిషి కనిపిస్తే చాలు, కారు ఆపి ఎక్కించుకునేవాడు. తెలిసినవాళ్లా, తెలియనివాళ్లా అన్న పట్టింపు లేదు. వాళ్లూ ‘ఆయ్’ అంటూ, సరేనని ఎక్కేసేవారు. రండి అనడమే గానీ రావద్దు అనడం ఆ వంశంలోనే లేదని మంగాయమ్మ దెప్పుతూ ఉండేది. ఆమె భార్య కాబట్టి ఆ వంశం మర్యాదకి వండి వార్చే బాధ ఆమెదే.

శ్రావణంలో ఓ ముసురు సాయంత్రం, వంతెన మీద ఎవరో నిలబడి ఉన్నట్టు కనిపించింది అతనికి. తల మీంచి గోనెసంచి ముసుగులా కప్పుకుని, వంగిపోయి ఉన్న ఆకారం. కారు ఆపాడు. వెనక్కి వంగి ఎడమ తలుపు తీశాడు.

“రండి రండి, తడిసిపోతున్నారు. ఎక్కండి. ఎక్కడికంటే అక్కడ దింపేస్తానండి.”

ఎవరూ ఎక్కలేదు. అద్దం తుడుచుకుని చూస్తే అది వంతెన రెయిలింగు మీద ఎవరో ఆరేసి మరిచిపోయిన గోనెసంచి. గంగబాబు తనలో తను నవ్వుకుని తలుపు వేసుకుని ఇంటికి వచ్చాడు. అన్నం తింటూ ఇదంతా భార్యకి హాస్యంగా చెప్పాడు కూడా. మంగాయమ్మ నవ్వలేదు.

“మీరు పిలిచేరు సరే. ఎక్కలేదని మీకెలా తెలుసు?” అంది.

ఆ మర్నాటి నుంచే బండి ఎడమకి ఒరగడం మొదలుపెట్టింది.

జ్యోతికి నెలలు నిండుతుంటే గంగబాబు ఇంక మొండికేయలేకపోయాడు. బుద్ధిగా వెళ్లి అమలాపురం షోరూంలో కొత్త కారు మాట్లాడుకున్నాడు. పాతది వాళ్లకి ఇచ్చేసేలా, కొత్తది తెచ్చుకునేలా. ఇచ్చేసే రోజు పొద్దున్నే తలస్నానం చేసి, డాష్‌బోర్డు మీదున్న వినాయకుణ్ణి దింపాడు. మన వాళ్లు బండిని ఇచ్చేస్తారు గానీ బండిలో దేవుణ్ణి ఇవ్వరు. దింపి, పసుపు నీళ్లతో కడిగి, ఇంట్లో దేవుడి గూట్లో పెట్టుకుంటారు. అలా దింపాక ఆ బండి పరాయిదయిపోయినట్టే. తీసుకెళ్లి అప్పగించి, వచ్చేటప్పుడు ఆటోలోనో బస్సులోనో రావాలి.

గంగబాబు బస్సులో రాలేదు. తప్పు అతనిదని అనడానికి కూడా మనసొప్పదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి ఆ రోజు పొద్దుట్నుంచీ ఒకటే వాన. కొత్త కారు తెస్తున్న లారీ దారిలో ఎక్కడో ఆగిపోయిందని షోరూం కుర్రాడు చేతులు కట్టుకుని చెప్పాడు. 

“పాతది ఇక్కడ ఉంచేసి వెళ్లండి. రేపు కొత్తది ఇంటికే పంపేస్తామండి.”

“ఈ రాత్రికి మా అమ్మాయికి ఏమైనా అయితేనో?” అన్నాడు గంగబాబు. తాళాలు చేతిలో ఇచ్చినట్టే ఇచ్చి, మళ్ళీ తీసుకున్నాడు.

బయల్దేరేసరికి పొద్దు వాలింది. కరెంటు లేదు. రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరిచెట్లు జుట్టు విరబోసుకుని ఊగుతున్నాయి. చెరువుల మీద రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు కొన్నిచోట్ల జనరేటర్ల మీద తిరుగుతూ నీళ్లని చప్పచప్పమని కొడుతున్నాయి. వానకి తడిసిన మట్టి వాసన, కుళ్లిన రొయ్యల మేత వాసన. అలవాటైన దారే, అలవాటైన వాసనలే. అయినా గంగబాబుకి ఏదో తేడాగా ఉంది. స్టీరింగు మీద చేతులు కుదురుగా నిలవడం లేదు. ఉప్పలగుప్తం దాటాక గానీ అదేమిటో తట్టలేదు.

బండి ఎడమకి కుంగడం లేదు. వెనక భాగం తేలికగా ఉంది.

సంతోషించబోయాడు. అప్పుడే పక్క సీటు కిర్రుమంది. పాత రెగ్జిను, స్ప్రింగు సడలిన సీటు. మనిషి బరువు పడితేనే అది ఆ చప్పుడు చేస్తుంది. గంగబాబు తల తిప్పలేదు. కంటి చివర నుంచి చూశాడు. సీటు ఖాళీగానే ఉంది. కానీ మధ్యలో లోతుగా నొక్కుకుపోయి ఉంది.

బురద వాసన ఇప్పుడు వెనక నుంచి రావడం లేదు. పక్క నుంచి వస్తోంది.

ఎడమ అద్దం మీద లోపలి వైపు చిన్న మసక కట్టింది. పలచబడింది. మళ్ళీ కట్టింది... పలచబడింది... మళ్ళీ కట్టింది. గంగబాబుకి అది ఊపిరి అని అర్థమవడానికి కొంతసేపు పట్టింది. ఖాళీగా ఉన్న డాష్‌బోర్డు వైపు చూశాడు. విగ్రహం ఉన్నచోట గుండ్రటి మరక మాత్రం మిగిలింది. ఇన్నాళ్లూ ఎవరు ఎవరిని వెనక సీట్లోనే కూర్చోబెట్టి ఉంచారో అతనికి అప్పుడు తెలిసింది.

డ్రైను వంతెన వచ్చింది. ఆగిపోతుందని పళ్లు బిగపట్టాడు. ఎప్పుడూ ఆగే బండి ఆ సాయంత్రం ఆగలేదు. వంతెన మీద దిగాల్సినవాళ్లకి ఇంక దిగే ఉద్దేశం లేనట్టు, సాఫీగా దాటేసింది.

వాకిట్లో కారు ఆగీ ఆగకముందే మంగాయమ్మ లాంతరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ముందు కారుని చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది.

“దేవుణ్ణి దింపేక మళ్ళీ తోలుకొచ్చేసేరా?” అని, జవాబు కోసం ఆగకుండా, “అమ్మాయికి నొప్పులొచ్చేస్తన్నాయండి. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే, బండి ఇంకో ఊళ్లో ఉంది, ఆ రోడ్డు మీద చెట్లు పడ్డాయి, టైము పడుతుందంటన్నారు,” అంది.

“ఆటో?”

“కిందింటి గోపీ ఆటో నీళ్లల్లో ఉంది.”

గంగబాబు కారు వైపు చూశాడు. ముందు సీటు అద్దం మసకేసి ఉంది. ఈ బండిలో ఎక్కించకూడదని గట్టిగా అరవాలనిపించింది. ఎక్కించకపోతే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. కిందటిసారి ఆలస్యమే కదా బిడ్డ ప్రాణం తీసింది. 

“ఉండండి, దేవుణ్ణి తెస్తాను,” అని మంగాయమ్మ లోపలికి రెండడుగులు వేసింది. అరుగు మీద జ్యోతి గుంజ పట్టుకుని ఒక్క కేక పెట్టింది. ఆ కేకకి మంగాయమ్మ దేవుణ్ణి మరిచిపోయి వెనక్కి ఉరికింది. ఇద్దరూ కలిసి అమ్మాయిని వెనక సీట్లో ఎక్కించారు. ఆమె పక్కన తల్లి కూర్చుంది. ముందు ఎడమ సీట్లో ఎవరూ కూర్చోలేదు.

కారు వాన చీల్చుకుంటూ పోతోంది. దారిలో కొబ్బరి మట్టలు పడి ఉన్నాయి, వాటిని తొక్కినప్పుడల్లా జ్యోతి మూలుగుతోంది. గంగబాబు దవడలు బిగుసుకుపోయాయి. వాకిలి దాటింది మొదలు అతని నోట ఒక్క మాట రాలేదు. రోడ్డు తప్ప ఇంకేమీ చూడకూడదనుకున్నాడు. చూడలేదు కూడా.

“నాన్నగారూ...” అంది జ్యోతి సన్నగా. “ముందు సీటు... వెనక్కి వస్తోంది.”

కిర్రు... కిర్రు...

“నా మోకాళ్లకి తగుల్తోంది నాన్నగారూ.”

“ష్... నువ్వు కళ్లు మూసుకో అమ్మా,” అంది మంగాయమ్మ. చెయ్యి చాపి సీటుని వెనక నుంచి నెట్టి పట్టుకుంది. ఆమె బలం చాలడం లేదని అద్దంలో కనిపిస్తూనే ఉంది.

కాసేపటికి సీటు ఆగింది. జ్యోతి మూలుగు కూడా ఆగింది. గంగబాబు అద్దంలోకి చూశాడు. కూతురు కళ్లు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి, ఎవరో చెప్పేది వింటున్నదానిలా ఉంది. నొప్పి ఉన్న మొహం కాదు అది. పెదాల మీద చిన్న నవ్వు కూడా ఉంది.

“కొంచెం నెమ్మదిగా మాట్లాడండి నాన్నగారూ... తల పగిలిపోతోంది,” అంది.

నొప్పుల్లో ఏదో పలవరిస్తోందనుకున్నాడు. మంగాయమ్మ మాత్రం అద్దంలోంచి అతని మొహం వైపే చూస్తోంది. అంత కాలం కాపురంలో ఆమె తన వంక అలా చూడడం అతను ఎరగడు.

అమలాపురం దీపాలు కనిపించాయి. ఆసుపత్రి ముందు కారు ఆపి, ఇటు నుంచి అటు పరిగెత్తి తలుపులు తీశాడు.

“దిగండమ్మా, దిగండి, వచ్చేసేం!” అని కేకలు పెట్టాడు. నర్సులు చక్రాల కుర్చీ తోసుకొచ్చారు. తల్లీ కూతుళ్లు దిగిపోయాక చూసుకుంటే, ముందు ఎడమ తలుపు కూడా బార్లా తీసి ఉంది. ఆ తలుపు తీసింది తనే. ఎందుకు తీశాడో తెలియదు. చేతి అలవాటు అయి ఉండాలి.

తెల్లవారకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం అని డాక్టరమ్మ చెప్పినప్పుడు గంగబాబు వరండాలో గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కువైట్‌కి ఫోన్ చేసి అల్లుడికి చెబుతూ మళ్ళీ ఏడ్చాడు. కిందటిసారి నుంచి గుండెల మీద పెట్టుకు తిరుగుతున్న బరువంతా ఆ ఏడుపుతో దిగిపోయింది.

పొద్దెక్కాక వాన వెలిసింది. బంగారయ్య అటు వైపు ఏదో పని మీద వచ్చి, కబురు విని పలకరించడానికి ఆగాడు. ఆసుపత్రి ముందు నిలబెట్టి ఉన్న కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చూశాడు. డిక్కీ మీద చేత్తో అదిమి వదిలాడు. బండి కిందికి పోయి, చక్కగా పైకి లేచింది.

“ఇదేంటండీ, సమంగా నిలబడిపోయింది?” అన్నాడు ఆశ్చర్యంగా. ముందు తలుపు తీసి లోపల కూర్చున్నాడు, స్టార్టు చేశాడు, విన్నాడు. “రోగం లేదండి దీనికి. వాసన కూడా లేదు. ఇంకెందుకు మార్చడం? హాయిగా ఇంకా చాలా కాలం వాడుకోవచ్చండి.”

గంగబాబు కారు మీద చెయ్యి వేశాడు. నిజంగానే అది ఊపిరి పీల్చుకున్నట్టుంది. రాత్రి జరిగిందంతా భయం, అలసట, వాన కలిసి ఆడించిన ఆట అని తనకి తను చెప్పుకున్నాడు. షోరూంకి ఫోన్ చేసి కొత్త కారు వద్దన్నాడు. వాళ్లు నొచ్చుకుంటే, క్షమించండి, పాతదే బాగైపోయింది అన్నాడు. దేవుణ్ణి ఇంటికెళ్లగానే మళ్ళీ ప్రతిష్ఠ చేసుకోవచ్చు. ఇన్నాళ్ల తగువు ఇంత తేలిగ్గా తీరిపోయినందుకు అతనికి నవ్వొచ్చింది. మిఠాయి పొట్లం కొనుక్కుని, పొంగిపోతూ మెట్లెక్కాడు.

గదిలో పాప ఏడుస్తోంది. గుక్క పట్టి, ఎర్రబడి ఏడుస్తోంది. జ్యోతి మంచం మీద నుంచే చెయ్యి చాపి ఉయ్యాల ఊపుతోంది. అలసిపోయిన గొంతుతో, పెద్దవాళ్లని బతిమాలినట్టు, మెత్తగా అంటోంది.

“ఊరుకోండి వీరాయమ్మగారూ... ఊరుకోండి. వచ్చేసేం కదండీ.”

పాప ఏడుపు టక్కున ఆపేసింది.

గంగబాబు గుమ్మంలోనే నిలబడిపోయాడు. “ఆ పేరేంటమ్మా? ఎవరా వీరాయమ్మ?”

జ్యోతి ఆశ్చర్యంగా చూసింది. “అదేంటి నాన్నగారూ, నన్నడుగుతారేంటి? రాత్రి దారి పొడుగునా మీరే కదా ఆవిడతో మాట్లాడుతూ ఉన్నారు. వీరాయమ్మగారూ, వీరాయమ్మగారూ అని. ఇంత వానలో ఇంకెక్కడికి వెళ్తారండీ, మా ఇంటికి వచ్చేయండి, మా పిల్లలా మా ఇంట్లోనే ఉండిపోండి అని ఎంత బతిమాలేరు!”

“నేనా?” అన్నాడు. “నేను నోరే విప్పలేదమ్మా...”

మంగాయమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. పుట్టిన మనవరాలి వైపు వీపు పెట్టి, బయటికి చూస్తోంది. పాపని ఆమె ఇంతవరకూ ఎత్తుకోలేదని గంగబాబు అప్పుడు గమనించాడు.

“మంగా... నువ్వు చెప్పు. నేనేమైనా అన్నానా?”

ఉయ్యాల ఊగుతోంది. జ్యోతి చెయ్యి ఎప్పుడో తీసేసింది.

“గొంతు మీదేనండి,” అంది మంగాయమ్మ వెనక్కి తిరగకుండా, గుసగుసగా. “మీరు ఉండిపొమ్మన్నారు. ఆవిడ... ‘ఆయ్’ అంది.”